‘పికప్’ మనకు సగం వచ్చు, మిగతా సగం ఎలా పట్టుకోవాలి

నల్లగొండ బస్టాండ్ బయట ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ‘‘అన్నా, పికప్ పాయింట్ యాడ?’’ అని ట్రావెల్స్ బస్సు కోసం ఒకాయన అడుగుతుంటాడు. ‘‘గంట నుంచి చేస్తున్న, ఫోన్ పికప్ చేస్తలేడు’’ అని ఇంకొకాయన విసుక్కుంటాడు. బత్తాయి లోడుతో పికప్ బండి హారన్ కొట్టుకుంటూ పోతుంది. దాని వెనకాల పాత బైకు మీద కుర్రాడు ‘‘దీనికి పికప్ లేదన్నా, మెకానిక్‌కు చూపియ్యాలె’’ అంటాడు. ఇంగ్లీషు రాదనుకునే మనిషి కూడా ఈ ఒక్క మాటను నాలుగు అర్థాల్లో వాడేస్తున్నాడు. ఎక్కడా తడబడడు.

అదే మాట ఇంగ్లీషు వాక్యంలో కనబడితే మాత్రం కాళ్లు ఆడవు. ‘బిజినెస్ హాజ్ పిక్డ్ అప్’ అని చదివి, వ్యాపారాన్ని ఎవరు ఎత్తుకపోయిండ్రు సార్ అని అడిగినవాళ్లు ఉన్నారు. సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే నాకు ఇది రోజూ ఎదురయ్యేదే. అందుకే ఈ ఒక్క మాటను పట్టుకుని, అర్థాల పట్టిక బట్టీ కొట్టకుండా వాక్యంలోంచి అర్థాన్ని ఎలా రాబట్టుకోవాలో చెప్తాను. ఒక నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి.

నవ్వుకోవడానికి ముందు నా సంగతే చెప్తాను. డిగ్రీ అయిపోయాక హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. చేరిన వారానికి బయటి నుంచి ముగ్గురు గెస్టులు వచ్చారు. మేనేజర్ హడావిడిగా వెళ్తూ ‘ప్లీజ్ పిక్ అప్ ఆఫ్టర్ ద గెస్ట్స్’ అని నాతో అన్నాడు. పిక్ అప్ అంటే బండి మీద ఎక్కించుకోవడమే కదా. పక్క సీటు అతన్ని బతిమాలి బైకు తాళం తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ముగ్గురిని ఒక్క బైకు మీద ఎట్లా తీసుకుపోవాలా అని ఒకటే టెన్షన్. వాళ్లు నన్ను చూడకుండానే కారెక్కి వెళ్లిపోయారు. లోపల టేబుల్ మీద ఎంగిలి టీ కప్పులు, బిస్కెట్ కవర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన నాకు చెప్పింది ఆ టేబుల్ సర్దమని.

మొదటి మెట్టు: ఇంగ్లీషు పక్కన పెట్టి ‘ఎత్తు’తో మొదలుపెట్టండి

‘పిక్’ అంటే ఏరు, ‘అప్’ అంటే పైకి, కాబట్టి ‘పైకి ఏరు’. ఇలా ముక్కలు చేసి కలిపితే ఏ వాక్యమూ కుదరదు. కుదరకపోవడం ఇంగ్లీషు వాళ్ల తప్పు కూడా కాదు, మన భాషా అంతే. నోటుబుక్కు మొదటి పేజీలో ‘ఎత్తు’ అని రాసి, ఆ మాటతో మీ ఇంట్లో వినబడే వాక్యాలన్నీ కింద రాయండి.

బిడ్డను ఎత్తుకుంటాం. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. దొంగలు బర్రెను ఎత్తుకపోతారు. అత్త ఎత్తిపొడుస్తుంది. సర్కారు ఒక పన్ను ఎత్తేస్తుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ అంటే పాలమూరులో చిన్నపిల్లలు కూడా ఎత్తిపోతల పథకాలని చెప్తారు. అక్కడ నిజంగానే నీళ్లను ఎత్తి పోస్తారు. మరి ఎత్తిపొడవడంలో అత్త దేన్ని ఎత్తింది, దేనితో పొడిచింది? తెలుగు నేర్చుకునే పరాయివాడు ఈ ప్రశ్న అడిగితే మన దగ్గర జవాబు లేదు. ‘ఎత్తు’ పక్కన ‘కొను’ చేరితే ఒక అర్థం, ‘పోవు’ చేరితే ఇంకొకటి, ‘వేయు’ చేరితే మరొకటి. ఇంగ్లీషులో ఈ పని ‘అప్’, ‘ఆన్’, ‘అవుట్’ లాంటి చిన్న మాటలు చేస్తాయి. వాళ్లు దీన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. మనం పేరు సంగతి ఆలోచించకుండానే వాడేసుకుంటున్నాం.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. ‘ఎత్తుకున్నది’ అని మాత్రమే చెప్పి ఆపేస్తే మీకూ అర్థం కాదు. దేన్ని ఎత్తుకుంది అని అడుగుతారు. బిడ్డనా, పాటనా? ఆ జవాబు దొరికాకే అర్థం తేలుతుంది. ఇంగ్లీషులో కూడా సరిగ్గా ఇదే ప్రశ్న అడగాలి.

రెండో మెట్టు: ‘దేన్ని?’ అని అడగండి

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోండి.

కింద పడ్డ వస్తువు తీయడం అందరికీ వచ్చిందే. పెన్ను పడితే ‘పిక్ అప్ ద పెన్’. దాని గురించి చెప్పేదేం లేదు.

ఫోన్ దగ్గర మాత్రం మనవాళ్లందరం ఒకే చోట జారుతాం. ఫోన్ ఎత్తడం లేదు, మన దిక్కు మాటలో ‘లేపుతలేడు’, అన్నదాన్ని నేరుగా మార్చి ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ మై ఫోన్’ అంటాం. ఇక్కడ మనలో మనకు అర్థమవుతుంది. బయటి దేశం నుంచి మాట్లాడే కస్టమర్‌కు అలా చెప్పకండి. వాళ్ల వాడుక మాటల్లో ‘లిఫ్ట్’ అంటే కొట్టేయడం అని కూడా ఒక అర్థం ఉంది, షాప్‌లిఫ్టింగ్‌లో ఉన్నది అదే. ‘హి లిఫ్టెడ్ మై ఫోన్’ అంటే నా ఫోన్ దొంగిలించాడని అనుకుంటారు. ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’ అంటే సరిపోతుంది. ఫోన్ అన్న మాట కూడా అక్కర్లేదు.

మనిషిని పిక్ అప్ చేయడమంటే బండితో వెళ్లి ఎక్కించుకుని రావడం. ఇక్కడ మన అలవాటు ‘అప్’ను మింగేయడం. ‘పొద్దున ఆరింటికి నన్ను పిక్ చేసుకో’ అని తెలుగులో అనేస్తాం, అదే ఇంగ్లీషులోకి పోయి ‘పిక్ మీ ఎట్ సిక్స్’ అవుతుంది. దానికి అర్థం ఆరింటికి నన్ను ఎంపిక చేయి అని. కబడ్డీ టీమ్ కెప్టెన్‌తో అయితే అనొచ్చు. బండాయనతో ‘పిక్ మీ అప్ ఎట్ సిక్స్’ అనాలి. ఈ ఒక్క ‘అప్’ను కాపాడుకుంటే సగం తప్పులు పోతాయి.

తెచ్చే వస్తువు వస్తే అర్థం ఇంకో వైపు తిరుగుతుంది. ‘పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్’ అంటే వచ్చేటప్పుడు పాలు పట్టుకురా. పట్టుకురా అన్నప్పుడు పాలను పట్టుకోవడం ముఖ్యం కాదు కదా, దారిలో ఆగి కొని తేవడం ముఖ్యం. ఇందులో ‘పనిగట్టుకుని కాదు, ఎట్లాగూ అటే వస్తున్నావు కాబట్టి’ అనే మెత్తదనం ఉంది. ‘బై’ అంటే ఆ మెత్తదనం రాదు. జాతరలో చవగ్గా దొరికిన గిన్నెలనో, దుప్పటినో కొన్నామని చెప్పడానికీ ఇదే వాడొచ్చు. కురుమూర్తి జాతరకు వెళ్లొచ్చిన అమ్మాయి ‘ఐ పిక్డ్ అప్ దీజ్ బ్యాంగిల్స్ ఎట్ ద జాతర’ అంటే, గాజులు నేల మీద దొరికాయని కాదు.

తర్వాతది నాకు చాలా ఇష్టమైన అర్థం. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు పనికి పోయి వచ్చిన మేస్త్రీలు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. పుస్తకం ముట్టకుండానే మరాఠీ, హిందీ మాట్లాడతారు. కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేట బజారులో తెలుగు దుకాణదారు కన్నడ గిరాకీతో కన్నడలోనే బేరం ఆడతాడు. వీళ్లు ఆ భాషను ‘లర్న్’ చేశారనడం తప్పేం కాదు, కానీ ఆ మాటలో బల్ల, పలక, పంతులు కనబడతారు. ‘హి పిక్డ్ అప్ మరాఠీ ఇన్ ముంబై’ అంటే అక్కడి గాలికి అబ్బిందని. ‘అబ్బడం’ అన్న మన మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. ఎందుకంటే మనకు విద్యా అబ్బుతుంది, చెడ్డ అలవాటూ అబ్బుతుంది. ఇంగ్లీషులో కూడా భాష, పని, యాస, గుట్కా నమిలే అలవాటు, అన్నిటినీ ‘పిక్ అప్’ చేయొచ్చు. ఇంటర్వ్యూలో ‘కంప్యూటర్ ఎక్కడ నేర్చుకున్నావ్’ అని అడిగితే, కోర్సు చేయని పిల్లలు సిగ్గుపడి మౌనంగా ఉంటారు. ‘ఐ పిక్డ్ ఇట్ అప్ ఎట్ మై అంకుల్స్ షాప్’ అనండి. బాబాయ్ జిరాక్సు షాపులో కూర్చుని చూస్తూ చూస్తూ నేర్చుకున్నానని చెప్పడం గర్వంగానే ఉంటుంది.

అబ్బడానికి పక్కనే అంటుకోవడం ఉంది. జలుబు, దగ్గు, ఏదైనా ఇన్‌ఫెక్షన్: ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఇన్ ద హాస్టల్’. నల్లగొండ వాళ్లకు ఇంకో ఉదాహరణ చెప్తే మర్చిపోరు. మన బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎవరూ తెచ్చి కలపలేదు. రాళ్ల పొరల సందుల్లోంచి పోతూ పోతూ నీళ్లే దాన్ని కలుపుకున్నాయి. ఇంగ్లీషులో ‘ద వాటర్ పిక్స్ అప్ ఫ్లోరైడ్ ఫ్రమ్ ద రాక్స్’ అని రాస్తారు. దారిలో ఆగి పాలు తేవడం, ముంబైలో మరాఠీ అబ్బడం, హాస్టల్లో జలుబు అంటడం, రాళ్లలో ఫ్లోరైడ్ కలవడం: అన్నిటిలో ఒకటే బొమ్మ. పోతూ పోతూ ఉంటే ఏదో ఒకటి మనతోపాటు వచ్చేసింది. ఈ బొమ్మ కళ్ల ముందు పెట్టుకుంటే వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మాటలో మాట, పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దేశదేశాల ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. మన ఊరి పేరు ఇంగ్లీషులోకి ఎక్కిన దారి అది.

బిల్లు వస్తే జాగ్రత్త. నార్కట్‌పల్లి దగ్గర హైవే దాబాలో భోజనం అయ్యాక మీతో వచ్చినాయన ‘ఐ విల్ పిక్ అప్ ద బిల్’ అంటే, బిల్లు కాగితం తీసి ఇస్తానని కాదు, డబ్బులు ఆయనే కడతానని. మీరు పర్సు తీసి మొహమాటపడక్కర్లేదు, పడాలనిపిస్తే అది మీ ఇష్టం.

సిగ్నల్, వాసన, చప్పుడు లాంటివి వస్తే పట్టుకోవడం, పసిగట్టడం. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు మీద నల్లమల అడవిలోకి పోతుంటే ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. అప్పుడు ‘మై ఫోన్ కాంట్ పిక్ అప్ ఎ సిగ్నల్ హియర్’ అంటారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో చెట్లకు కట్టిన కెమెరాల్లో పులి బొమ్మ పడితే, పులిని కెమెరా ‘పిక్డ్ అప్’ అని రాయొచ్చు. పులిని ఎవరూ ఎత్తలేదు, ఎత్తలేరు కూడా.

ఇక పోలీసులు. ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే పోలీసులు వాణ్ని పట్టుకుపోయారు. మన పేపర్లు ‘అదుపులోకి తీసుకున్నారు’ అని మర్యాదగా రాస్తాయి. ఊళ్లో మాత్రం ‘రాత్రి పోలీసులు ఎత్తుకపోయిండ్రు’ అంటారు. ఇంగ్లీషు మాటకు పేపరు తెలుగు కన్నా ఊరి తెలుగే దగ్గరగా ఉంది.

మూడో మెట్టు: ‘దేన్ని?’కి జవాబు దొరక్కపోతే

కొన్ని వాక్యాల్లో ఎత్తేవాడూ ఉండడు, ఎత్తబడేదీ ఉండదు. వ్యాపారం, వాన, గాలి, ధర, పంట అమ్మకం లాంటివి వాటంతటవే ‘పిక్ అప్’ అవుతాయి. అప్పుడు తెలుగులో ‘పుంజుకుంది’ లేదా ‘ఊపందుకుంది’ అని పెట్టి చూడండి, నూటికి తొంభై సార్లు అతుకుతుంది. బాదేపల్లి మార్కెట్లో పల్లి ధర మళ్లీ పుంజుకుంటే ‘ద ప్రైస్ హాజ్ పిక్డ్ అప్’. తుంపరగా మొదలైన వాన జోరందుకుంటే ‘ద రెయిన్ పిక్డ్ అప్’. జ్వరంతో పడుకున్న ముసలామె నాలుగు మెతుకులు తింటూ తేరుకుంటుంటే ‘షి ఈజ్ పికింగ్ అప్ నౌ’.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ధర ముందు నుంచీ బాగానే ఉండి ఇంకా పెరిగితే ఈ మాట అంతగా నప్పదు, ‘రోజ్’ అనో ‘వెంట్ అప్’ అనో అనాలి. పుంజుకోవాలంటే ముందు డీలా పడి ఉండాలి కదా. ఇంగ్లీషులో కూడా అంతే. మన పుంజుకోవడంలో ఉన్న ఆ వెనక కథ ఇందులోనూ ఉంది.

నల్లగొండ స్టేషన్ దాటాక మిర్యాలగూడ వైపు రైలు మెల్లగా వేగం అందుకుంటుంది, ‘ద ట్రైన్ పిక్డ్ అప్ స్పీడ్’. బైకు కుర్రాడు ‘పికప్ లేదు’ అన్నది ఇందులోంచే వచ్చింది. అమెరికన్ డిక్షనరీల్లో ఆ అర్థం కూడా కనబడుతుంది, కాకపోతే బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు ‘యాక్సిలరేషన్’ అంటే తొందరగా అర్థమవుతుంది.

నాలుగో మెట్టు: నోరు తిప్పడం

అర్థం తెలిసినా నోట్లోంచి సరిగ్గా రాకపోతే లాభం లేదు. మూడు సంగతులు చూసుకోండి, మూడూ చిన్నవే.

‘పికప్’ మనకు ఒకే ముద్దగా అలవాటైపోయింది కాబట్టి గడిచిపోయిన పని చెప్పేటప్పుడు దాని తోకకు ‘డ్’ తగిలించి ‘పికప్డ్’ అంటాం. తోక మధ్యలో తగలాలి: ‘పిక్డ్ అప్’. రాతలో ‘డ్’ ఉన్నా వినబడేది మాత్రం ‘ట్’. గబగబా అన్నప్పుడు ‘పిక్టప్’ అనే వినిపిస్తుంది. అలాగే రోజూ చేసే పనికి ‘హి పిక్స్ అప్’, ‘పికప్స్’ కాదు.

వస్తువు పేరు చెప్తే దాన్ని ముందైనా వెనకైనా పెట్టొచ్చు. ‘పిక్ అప్ ద బ్యాగ్’, ‘పిక్ ద బ్యాగ్ అప్’ రెండూ సరే. పేరు కాకుండా అది, వాణ్ని, నన్ను అంటే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి: ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ హిమ్ అప్’, ‘పిక్ మీ అప్’. ‘పిక్ అప్ ఇట్’ అంటే విన్నవాళ్ల చెవిలో రాయి పడ్డట్టుంటుంది. ‘పికిటప్’ అని ఒకే మాటలా రోజుకు ఇరవై సార్లు అనండి, నోటికి అదే పట్టుబడుతుంది. వస్తువు పేరు పొడుగ్గా ఉంటే, కౌంటర్ దగ్గర నువ్వు మర్చిపోయిన నల్ల బ్యాగు లాగా, ‘అప్’ను ముందే చెప్పేసి తర్వాత ఆ పొడుగంతా చెప్పడం నయం.

మూడోది, మాటలో ఏ ముక్కను ఒత్తి పలకాలన్నది. బండి, పాయింట్ లాంటి పేరుగా వాడితే ‘పిక్’ మీద బలం పడుతుంది. పనిగా వాడితే ‘అప్’ మీద. మన ట్రావెల్స్ కుర్రాళ్లకు ఇది తెలియకుండానే మొదటి సగం వచ్చేసింది.

ఐదో మెట్టు: వెనకాల మూడో మాట ఉందేమో చూడండి

నా బైకు కథలో నేను పట్టించుకోనిది ఇదే. ‘పిక్ అప్’ తర్వాత ‘ఆఫ్టర్’ ఉంది, అది నాకు ‘తర్వాత’ అని మాత్రమే వినబడింది. ‘పిక్ అప్ ఆఫ్టర్’ తర్వాత మనుషులు వస్తే, వాళ్లు చిందరవందర చేసి వదిలేసింది సర్దడం. పిల్లల వెనకాల తిరుగుతూ బొమ్మలు ఏరి పెట్టే ప్రతి అమ్మా ఆ పనే చేస్తోంది.

‘ఆన్’ చేరితే పసిగట్టడం. మీరేం చెప్పకపోయినా మీ మొహం చూసి అమ్మ ఏదో జరిగిందని కనిపెడుతుంది చూడండి, ‘షి పిక్డ్ అప్ ఆన్ ఇట్’. అదే మధ్యలో మనిషిని పెట్టి ‘పిక్డ్ మీ అప్ ఆన్ ఎ మిస్టేక్’ అంటే నా తప్పును పట్టుకుని చూపించారని. ఇది బ్రిటిష్ వాళ్ల వాడుక, మీకు తరచుగా తగలదు.

‘వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ వస్తే ఆపిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టడం. ఒగ్గుకథ చెప్పేవాళ్లు రాత్రి ఆపిన కథను మర్నాడు అక్కడి నుంచే ఎత్తుకుంటారు. ‘లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ అని మీ లెక్చరర్ అంటే నోట్సు తెరిచి నిన్నటి పేజీ తీయండి. ఇక్కడా మళ్లీ మన ‘ఎత్తుకోవడమే’.

ఆరో మెట్టు: ‘అప్’ లేకపోతే?

పత్తి చేనులో ఉన్న కూలీలు చేసేది ‘పికింగ్ కాటన్’, అక్కడ ‘అప్’ రాదు. బతుకమ్మ కోసం తంగేడు పూలు, గునుగు పూలు తెంపినా ‘పిక్’ మాత్రమే. చెట్టు కింద రాలిన పూలు వంగి ఏరుకుంటే అప్పుడు ‘పిక్ అప్’. పత్తిని చెట్టు నుంచి తీసినా నేల మీద నుంచి తీసినా మనం ‘ఏరడం’ అనే అంటాం కాబట్టి ఈ తేడా గుర్తు రాదు. ‘పిక్ అప్ సమ్ కాటన్’ అని చేనులో ఉన్నవాళ్లకు చెప్తే, మెడికల్ షాపుకు పోయి దూది తెమ్మన్నారనుకున్నా ఆశ్చర్యం లేదు.

కయ్యానికి కాలు దువ్వడం ‘పిక్ ఎ ఫైట్’, ఇక్కడ ‘అప్’ పెట్టకండి. క్లాసులో ఒక్కణ్నే పట్టుకుని ఏడిపిస్తే ‘పిక్ ఆన్’. బియ్యంలో రాళ్లు ఏరి తీసినట్టు గుంపులోంచి ఒకదాన్ని తీస్తే ‘పిక్ అవుట్’.

క్రికెట్ చూసేవాళ్లకు ఇక్కడ మంచి పాఠం ఉంది. తెలుగు కామెంటరీ వదిలి ఓ పది ఓవర్లు ఇంగ్లీషులో పెట్టుకోండి. బ్యాట్స్‌మన్ ‘డిడ్ నాట్ పిక్ ద గూగ్లీ’ అంటారు. బంతి ఎటు తిరుగుతుందో బౌలర్ చేతిని చూసి పోల్చుకోలేకపోయాడని. అదే బౌలర్ ‘పిక్డ్ అప్ త్రీ వికెట్స్’, మూడు వికెట్లు తీశాడు. ఫీల్డర్ వంగి బంతి అందుకుని ఒకే ఊపులో విసిరితే ‘గుడ్ పికప్ అండ్ త్రో’. ఆటలో కళ్ల ముందు జరిగేది చూస్తూ మాట వింటారు కాబట్టి అర్థం చెప్పేవాళ్లు పక్కన లేకపోయినా పని జరుగుతుంది. నా క్లాసులో ఇంగ్లీషు తొందరగా అబ్బింది చాలావరకు క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకే.

ఏడో మెట్టు: ఒక చోట మాత్రం కాలు ఆచితూచి వేయండి

బార్లోనో పార్టీలోనో ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట కలిపి వల వేయడాన్ని కూడా ‘పిక్ అప్’ అనే అంటారు. గర్ల్స్ కాలేజీ బస్సు నడిపే ఒకాయన గల్ఫ్‌లో డ్రైవర్ ఉద్యోగానికి బయోడేటా రాసుకుని దిద్దమని నాకు ఇచ్చాడు. అందులో ‘ఐ పిక్ అప్ గర్ల్స్ ఎవ్రీ డే’ అని ఉంది. మనిషి దేవుడిలాంటివాడు. ఆ వాక్యం మాత్రం ఆయన్ను ఇంకేదో చేసింది. ‘ఐ పిక్ అప్ స్టూడెంట్స్ ఫ్రమ్ ద హాస్టల్ అండ్ డ్రాప్ దెమ్ ఎట్ ద కాలేజ్’ అని మార్చాం. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది పక్కనే పెడితే అనుమానానికి చోటుండదు. ఆడవాళ్ల గురించి, మగవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ ‘ఫ్రమ్’ను ఎప్పుడూ వదలకండి.

ఇంట్లో చేయాల్సిన పని

నోటుబుక్కులో ఇంగ్లీషు మాట పైన రాసి, కింద ఇరవై అర్థాలు వరుసగా రాయకండి. అలా రాసినవాళ్లు వారం తిరక్కుండా మర్చిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. తిరగేసి రాయండి. ఒక్కో పేజీకి ఒక్కో తెలుగు మాట పెట్టండి: ఎత్తు, ఎక్కించుకో, పట్టుకురా, అబ్బు, అంటుకో, పుంజుకో, పసిగట్టు, సర్దు. రోజూ ఎక్కడైనా ‘పిక్ అప్’ వినబడితే, వాక్యం మొత్తం తీసుకొచ్చి అది ఏ పేజీకి చెందుతుందో ఆ పేజీలో రాయండి. ఏ పేజీలోనూ ఇమడకపోతే కొత్త పేజీ తెరవండి. నా బుక్కులో అలా తెరిచిన పేజీల్లో ఒకటి ‘ప్రాణం లేచొచ్చింది’. అలసిపోయినప్పుడు తాగే టీ లాంటి దాన్ని ఇంగ్లీషువాళ్లు ‘పిక్ మీ అప్’ అంటారు, మూడు మాటలూ కలిపి ఒక పేరుగా. మధ్యాహ్నం ఎండలో దేవరకొండ బస్సు దిగి తాగిన చాయ్‌కి అంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు.

ఫోన్లో అనువాదం యాప్ వాడితే ఒక్క మాట కాకుండా వాక్యం మొత్తం ఇవ్వండి. ఒక్క మాటే ఇస్తే ఆ యాప్‌కి కూడా దేన్ని అని తెలియదు, పాపం. డిక్షనరీ చూస్తే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ లాంటిది చూడండి. ‘పిక్’ అర్థాలన్నీ అయ్యాక చివర్లో ఫ్రేజల్ వెర్బ్స్ విడిగా ఉంటాయి. అక్కడ కొన్నిటి మధ్యలో రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు కనబడుతుంది. వస్తువు పేరును అటూ ఇటూ మార్చొచ్చని దాని అర్థం.

ఇప్పుడు ఒక సందేశం ఇస్తున్నాను. మీ ఇంట్లో ఎవరో హైదరాబాద్ నుంచి పంపారనుకోండి. ఇందులో ఎన్ని చోట్ల ‘పిక్ అప్’ పెట్టొచ్చో లెక్కపెట్టి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చండి.

‘‘అక్కా, నిన్న రాత్రి నుంచి చేస్తున్న, ఫోన్ ఎత్తుతలేవు. నేను రేపు పొద్దున ఏడింటి బస్సుకు వస్తున్న, బావను బస్టాండుకు బండి తీసుకుని రమ్మను. వచ్చేటప్పుడు కోఠిలో పిల్లలకు బుక్స్ తీసుకొస్త. ఇక్కడ వాన ఊపందుకుంది, నాకు జలుబు కూడా అంటుకుంది. షాపులో గిరాకీ ఇప్పుడిప్పుడే పుంజుకుంటోంది. నీ గొంతు వింటే మొన్న ఏదో బాధలో ఉన్నట్టు పసిగట్టిన, వచ్చినాక మాట్లాడుకుందాం.’’

నా లెక్కకు ఏడు వచ్చాయి. బావ విషయంలో ‘అప్’ మర్చిపోకండి.